గదినిండా కార్పెట్ వేయించే ముందు

విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంత పట్టణాలలో గోడ నుంచి గోడకు కార్పెట్ అతికించాలనుకునేవారు ముందుగా గాలిలోని తేమను లెక్కలోకి తీసుకోవడం మంచిది. తేమ ఎక్కువగా ఉన్నచోట, ఆస్తమాను రేపే డస్ట్ మైట్స్ (దుమ్ములో బతికే అతి సూక్ష్మమైన పురుగులు) కార్పెట్ పోగుల్లో సులువుగా పెరుగుతాయి; పైగా వర్షాకాలంలో ఒకసారి తడిస్తే అడుగుభాగం త్వరగా ఆరక బూజు పడుతుంది, అతికించినదానిని తీసి ఎండలో వేయడమూ కుదరదు. అందువలన నేలకు తాండూరు బండలో, విట్రిఫైడ్ టైల్సో వేయించుకుని, చలికాలంలో పాదాలకు చల్లదనం తగిలే మంచం పక్కన మాత్రం ఉతుక్కోగలిగే నూలు జంపఖానా (2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్‌ది అయితే మరీ మేలు) పరచుకోవచ్చు. జంపఖానా జారకుండా దాని కింద రబ్బరు జాలీ వేయాలి. వృద్ధులున్న ఇంట్లో మెరిసే టైల్స్ కంటే గరుకు మ్యాట్ రకమే ఎంచుకోవాలి.