ముఖచిత్రం: బొమ్మకంటే ముందు పేరు గీయండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు తెలుగు కథల పుస్తకమో, పిల్లల బొమ్మల కథో వేసుకునేవాళ్లలో చాలామంది ముందు బొమ్మ గీయించేసి, ఆ తర్వాత ఖాళీ ఎక్కడుంటే అక్కడ పేరు ఇరికిస్తారు. అట్ట చెడేది సరిగ్గా అక్కడే. తెలుగు అక్షరం గీత మీద బుద్ధిగా కూర్చోదు. గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి.

‘మహేంద్రగిరి పిట్టకథలు’ అని రెండు వరుసల్లో రాసి చూడండి. పై వరుసలో ‘ద్ర’ కింద క్రారవడి వేలాడుతుంది, కింది వరుసలో ‘పి’ గుడి పైకి వస్తుంది. వరుసలు దగ్గరైతే రెండూ గుద్దుకుంటాయి. దూరం జరిపితే పేరు రెండు ముక్కలై కనిపిస్తుంది. అందుకే ముందు కాగితం మీద పెన్సిలుతో పేరు రాయండి. అక్షరం ఒళ్లు 10 మిల్లీమీటర్లు ఉంటే పైనా కిందా మరో 6, 7 వదలండి. ఈ లెక్కన రెండు వరుసల పేరుకి అట్ట ఎత్తులో దాదాపు పావు వంతు కావాలి. బొమ్మ మిగిలిన చోటులో ఒదగాలి. కామిక్ అయితే మనిషి తల పేరు కిందికే ఉండాలి. జుట్టు అక్షరం మీదికి కొంచెం వచ్చినా బాగుంటుంది కానీ, ఒత్తు మీదికి రాకూడదు. ఒత్తు కనపడకపోతే మాటే మారిపోతుంది.

ఇక కొలతలు. డెమ్మీ సైజు అంటే 140 × 216 మిల్లీమీటర్లు. ముందు అట్ట, స్పైన్ (పుస్తకం వీపు), వెనక అట్ట మూడూ ఒకే ఫైలుగా ఉండాలి. స్పైన్ మందం పేజీలను బట్టి వస్తుంది. 160 పేజీలంటే 80 కాగితాలు. ఒక్కోటి 0.1 మిల్లీమీటరు అనుకుంటే 8 మిల్లీమీటర్లు. కానీ మాప్లితో (లోపలి పేజీలకి వాడే కాగితం) మందం మిల్లునుబట్టి మారుతుంది. ప్రెస్‌లో అదే కాగితం 80 తీసుకుని అదిమి కొలవండి. కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచితే మొత్తం 294 × 222. దీన్ని 300 డిపిఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, తెరిస్తే సుమారు 3472 × 2622 పిక్సెళ్లు. అక్షరాలు, ముఖాలు కటింగ్ గీతకి కనీసం 8 మిల్లీమీటర్లు లోపల ఉండాలి.

ఈ ప్రాంతపు పుస్తకం కాబట్టి సవర గిరిజనుల గోడబొమ్మ, అంటే ఇడితాల్, వాడాలనిపించడం సహజం. అది దేవతల కోసం, పితరుల కోసం వేసే బొమ్మ. అచ్చంగా ఎత్తి అట్ట మీద అంటించడం సరికాదు. వేసే సవర చిత్రకారుడి చేతే గీయించి, డబ్బు ఇచ్చి, లోపలి పేజీలో పేరు వేయండి. మహారాష్ట్ర వర్లీ బొమ్మలతో కలిపేయకండి. వర్లీలో ఒంటికి కొసలు కలిసిన రెండు త్రికోణాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, సవర మనుషులు పొడుగ్గా, అంత పదును లేకుండా ఉంటారు. సవర బొమ్మ అంచు నుంచి లోపలికి అల్లుకుంటుంది, కాబట్టి ఆ అంచు కటింగ్‌లో పోకుండా చూడాలి.

సవర బొమ్మ వెనకుండే ఎర్రమట్టి రంగుకి సయాన్ 20, మెజెంటా 80, పసుపు 90, నలుపు 20 శాతంతో మొదలుపెట్టి ప్రూఫ్ చూసి మార్చుకోండి. దీని మీద బియ్యప్పిండి తెలుపు గీతలు 1 పాయింటుకంటే సన్నగా ఉంటే ప్లేట్లు కాస్త జరిగినా గీత పూడుకుపోతుంది. వెనక అట్ట మీది చిన్న అక్షరాలు నలుపు ఒక్కటే 100 శాతంగా పెట్టండి, నాలుగు రంగులు కలిపితే అంచులు మసకబారతాయి. బార్‌కోడ్ తెల్ల పెట్టెలోనే ఉండాలి. పుస్తకపు గుర్తింపు సంఖ్య ఐఎస్‌బిఎన్‌కి మన దేశంలో డబ్బు కట్టక్కర్లేదు.

ఫోటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకి వస్తుంటే ఫాంటు తప్పు కాకపోవచ్చు. పాత వెర్షన్ అయితే ప్రిఫరెన్సెస్‌లో ‘టైప్’ దగ్గర ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ ఎంచుకుని, పేరు మళ్లీ టైపు చేయండి. ఉచిత ఫాంట్లలో రామభద్ర దూరం నుంచి బాగా కనపడుతుంది. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పేరుతోనూ ఒకటుంది. ఏది వాడినా ప్రెస్‌కి పంపే ముందు అక్షరాల్ని అవుట్‌లైన్లుగా, అంటే గీతల బొమ్మలుగా, మార్చాలి, డీటీపీలో వాడే పాత ‘అను’ ఫాంట్లకైతే మరీ. అవి లేని కంప్యూటర్లో పేరు పిచ్చి గుర్తులైపోతుంది.

అట్టకి 300 జిఎస్‌ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు) ఆర్ట్ కార్డు అడగండి. లామినేషన్ బయటివైపే ఉంటుంది కాబట్టి వానాకాలం బరంపురం లాంటి చోట లోపలివైపు తేమ పీల్చి ఉబ్బుతుంది, అట్ట బయటికి వంకర తిరుగుతుంది. కార్డు పోగు, అంటే కాగితం నార సాగే దిశ, స్పైన్ వెంట నిలువుగా ఉండాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఈ మాట చెప్పాలి, కార్డు కోశాక ఎవరూ మార్చలేరు.

ప్లేటు తీయకముందు పిడిఎఫ్‌ను అసలు సైజులో ప్రింటు తీసి, అంతే మందమున్న ఏదో పుస్తకానికి చుట్టండి. స్పైన్ మీది పేరు నడిమికి వచ్చిందో, మడతలోకి జారిందో చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది.