పలాసలో, ఓష్‌తో: బయటి దేశం వెళ్తున్న మన సిక్కోలు పిల్లలకి

టెక్కలి, పలాస, నరసన్నపేట వైపు నుంచి కిర్గిజిస్తాన్‌కి ఎంబీబీఎస్‌కనో, జర్మనీకి నర్సు పనికనో, ఫిన్లాండ్‌కి మాస్టర్స్‌కనో వెళ్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అక్కడి భాషని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోకండి, తెలుగు మీదుగా నేర్చుకోండి. ఇంగ్లీషులో ఇన్, ఫ్రమ్, టు మాటకి ముందొస్తాయి, మనకి లో, నుంచి, కి వెనకొస్తాయి, కిర్గిజ్, టర్కిష్, ఫిన్నిష్ భాషల్లో కూడా వెనకే, అంచేత ఆ అలవాటు మీకు పుట్టుకతోనే ఉంది.

కిర్గిజిస్తాన్ రాజధాని బిష్కెక్‌లో దిగారనుకోండి. పలాసలో అన్నట్టే బిష్కెక్‌తే, పలాస నుంచి అన్నట్టే బిష్కెక్‌తెన్, పలాసకి అన్నట్టే బిష్కెక్‌కే. అదే ఆ దేశంలోనే ఉన్న ఓష్ అనే ఊరు వెళ్తే ఓష్‌తో, ఓష్‌తోన్, ఓష్‌కో అంటారు, ఇదేటి మళ్లీ మారిపోయిందని కంగారు పడిపోకండి, మాటలో ఉన్న అచ్చుని బట్టి వెనకొచ్చే ప్రత్యయంలో అచ్చు మారుతుంది అంతే, మన పుస్తకాల్లో రవికి, రాముకు అని రాస్తారు కదా, ఇంచుమించు అలాంటిదే. క్లాసు ఇంగ్లీషులో జరిగినా, ఊళ్లో రష్యన్‌తో నెట్టుకొచ్చినా, వార్డులో ముసలమ్మ పక్కన నిలబడి ఎక్కడ నొప్పి అని అడగాలంటే కిర్గిజ్ రావాలి, నా మాట నమ్మండి. టర్కిష్ కూడా ఈ కుటుంబమే. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌లెరిమిజ్‌దే అంటే మా ఇళ్లలో: ఎవ్, లెర్, ఇమిజ్, దే అని ముక్కలు చేసుకుంటే పొడుగు మాటంటే భయం పోద్ది.

ఫిన్నిష్‌లో 15 విభక్తులని విని చాలామంది ముందే చేతులెత్తేస్తారు, కానీ రోజూ తిరిగేవి కొన్నే. హెల్సింకిలో అనాలంటే హెల్సింగిస్సా, నుంచి అంటే హెల్సింగిస్తా. మధ్యలో క కాస్తా గ అయింది చూడండి, మనమూ ఇల్లులో అనం, ఇంట్లో అంటాం.

జర్మన్ దారి వేరు, అక్కడ ప్రతి నామవాచకం ముందూ దాని లింగాన్ని బట్టి డెర్, డీ, దాస్ లో ఏది పెట్టాలన్నదే గొడవ. దీనికీ మాట చివరే చూడండి. వోనుంగ్ అంటే ఉండే ఫ్లాటు, ఆన్‌మెల్డుంగ్ అంటే అడ్రసు రిజిస్ట్రేషన్, ఫెర్‌జిషెరుంగ్ అంటే ఇన్సూరెన్సు, వెళ్లగానే మీ చేతికొచ్చే కాయితాల్లో ఉండే మాటలే ఇవి, ఇలా క్రియ నుంచి ఉంగ్ చేరి పుట్టినవన్నీ డీ. చివర హైట్, కైట్ వచ్చినా డీయే. చిన్నదని చెప్పే షెన్ చివరొస్తే దాస్.

జపాన్ వెళ్లేవాళ్లకి ఒకటే మాట: సాన్ అన్నది మన గారు లాంటిది, ఎదుటివాళ్ల పేరుకి తప్పక పెట్టండి, మీ పేరుకి మీరు పెట్టుకోకండి.