బడి ఆటస్థలంలో ముందుగా చూడవలసింది నేల

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల బడులలో ఆటస్థలమంటే చాలాచోట్ల మొరం నేలే. వానాకాలంలో కొంత మెత్తబడినా, ఎండలు ముదిరేసరికి అది బిగుసుకుపోతుంది. దాతలెవరైనా ఊయల, జారుడుబల్ల ఇప్పించినప్పుడు వాటిని ఆ నేలలోనే పాతి, చూడటానికి శుభ్రంగా ఉంటుందని కింద సిమెంటు గచ్చు కూడా పోయిస్తుంటారు. అది అన్నిటికంటె చెడ్డ పని. ఆటస్థలంలో తగిలే దెబ్బలలో ఎక్కువభాగం కింద పడటం వల్లనే తగులుతాయి.

పరికరం చుట్టూ అన్ని వైపులా ఆరడుగుల మేర, అడుగు లోతున తవ్వి, రాళ్లు ఏరివేసి, జల్లించిన ఇసుకను నింపాలి. ఊయలకు ముందూ వెనకా ఇంకా ఎక్కువ జాగా కావాలి. గొలుసులు వేలాడే అడ్డకమ్మీ ఎంత ఎత్తున ఉంటే దానికి రెండింతల దూరం వదలాలి. జారుడుబల్ల దిగే చోట పిల్లల కాళ్లకు ఇసుక పక్కకు తొలగిపోతుంది, వానకు తడిసి గట్టిపడుతుంది కూడా. కనుక వారానికొకసారి పారతో తిరగేసి, లోతు 9 అంగుళాలకు తగ్గకముందే మళ్లీ నింపాలి. అంత లోతు ఇసుక సుమారు నాలుగడుగుల ఎత్తు నుంచి పడినప్పుడే కాపాడగలదు; అంతకు మించిన ఎత్తు పరికరాన్ని ప్రాథమిక పాఠశాలకు, ఉచితంగా వచ్చినా సరే, తీసుకోకపోవడమే మేలు.

ఒంటిపూట బడుల రోజులలో ఇనుప జారుడుబల్లను ఉపాధ్యాయులు ముందుగా అరచేతి వెనుక భాగంతో తాకి చూడాలి. ఆడపిల్లలు చున్నీ తీసి పక్కన పెట్టిన తర్వాతే ఊయల ఎక్కాలి.

మధ్యాహ్న భోజనానికి తెచ్చిన వంటకట్టెలను, రాళ్ల కుప్పలను ప్రహరీ పక్కన ఉంచితే అక్కడ పాములు, తేళ్లు చేరతాయి. బంతి వెళ్లి పడేది కూడా అక్కడే. పాము కరిస్తే తాడు బిగించడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం వంటివి చేయకుండా, పిల్లవాడిని నడవనీయక, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి సర్కారు దవాఖానకు చేర్చాలి.

తలకు దెబ్బ తగిలిన పిల్లలు వెంటనే లేచి ఆడుకున్నా, వాంతులు, మగత, పెరిగే తలనొప్పి కొన్ని గంటల తర్వాత కనిపించవచ్చు. ఆ లక్షణాలలో ఏది కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. సాయంత్రం ఆటోలో తండాలకు వెళ్లిపోయే పిల్లల విషయంలో చీటీ రాసి పంపితే చాలదు; తల్లిదండ్రులకు ఫోను చేసి, రాత్రి ఏమేమి గమనించాలో స్పష్టంగా చెప్పాలి.