జపాన్ కత్తి బహుమతిగా కొంటున్నారా? ముందు కాగితం చూడండి

ఇల్లు, బ్యాంకు ఖాతా, ఫోను... జపాన్‌లో దిగిన కొత్తలో ఇవన్నీ ఎవరో ఒకరు దగ్గరుండి చేయిస్తారు. వాటి జోలికి పోను. మొదటి బోనస్ పడగానే ఊళ్ళో నాన్నగారికో, పెళ్ళి కుదిరిన బావగారికో అసలు సిసలు చేతితో చేసిన కతానా ఇవ్వాలనే ముచ్చట పుడుతుంది చూడండి, నేను చెప్పేది దాని గురించే. "కొనేశాను అన్నా, ఇప్పుడు ఎలా పంపాలి?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ ప్రశ్న డబ్బు కట్టకముందు అడగాలి బాబూ!

ఇక్కడి ఆయుధ చట్టం 1958 నాటిది. అలుగు 15 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న ఖడ్గం ఇంట్లో ఉంచుకోవడమే దాని ప్రకారం నేరం. సంప్రదాయ పద్ధతిలో చేతితో కొట్టిన, కళాఖండంగా నమోదైన కత్తికి మాత్రం మినహాయింపు. అలా నమోదైన దాన్ని విదేశీయులూ కొనుక్కోవచ్చు, మనిషికి లైసెన్సు అక్కర్లేదు. నమోదు కత్తికే. బండికి ఆర్‌సీ ఉన్నట్టు దానికో చిన్న కాగితం ఉంటుంది, పేరు తోరోకుషో. ఇచ్చేది పోలీసులు కాదు, కత్తి నమోదైన రాష్ట్రపు విద్యామండలి. అది లేని కత్తి దగ్గరుంటే మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల యెన్ వరకు జరిమానా. యుద్ధకాలంలో యంత్రాల మీద చేసిన సైనికుల కత్తులకు ఈ నమోదు దొరకదు. వాటిని "పాత సరుకు, చవక" అని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి.

ఆ కాగితం చూశాం కదా అని ఊరుకోకండి, చదవండి. జపనీస్ రాకపోతే వచ్చినవాళ్ళను వెంట తీసుకెళ్ళండి. కత్తి రకం, పొడవు, వంపు, పిడిలోకి పోయే నకాగో మీద రంధ్రాలెన్ని, దాని మీద చెక్కిన సంతకం, నమోదు సంఖ్య, తేదీ అన్నీ అందులో ఉంటాయి. పొడవంటే మొన నుంచి వీపు వైపున్న గంటు దాకా తిన్నని గీతగా కొలిచినది. వంపు వెంట టేపు పరిస్తే లెక్క తప్పుతుంది. నకాగోను కలపకూడదు. రకం కూడా ఈ పొడవును బట్టే: 60.6 సెంటీమీటర్లు, ఆపైన కతానా, 30.3 నుంచి అక్కడి దాకా వాకిజాషి. అంతకంటే చిన్నది తాంతో. పిడి విప్పించి రంధ్రాలు లెక్కపెట్టండి. కాగితంలో ఒకటి, కత్తికి రెండు ఉంటే ఆ కాగితం వేరే కత్తిదైనా కావాలి, నమోదయ్యాక రంధ్రమైనా వేసి ఉండాలి. ఏదైనా తలనొప్పి మీదే, విద్యామండలికి కత్తి పట్టుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. జిరాక్సు చూపించి అసలుది తర్వాత పంపుతామంటే ఒప్పుకోవద్దు.

కొన్న 20 రోజుల్లో యజమాని మారినట్టు తెలియజేయాలి. మీరున్న టోక్యోకు కాదు, కాగితం ఇచ్చిన రాష్ట్రానికి. హొక్కయిదో కాగితమైతే హొక్కయిదోకే. రిటైరవుతున్న మేనేజర్‌కో, యుద్ధవిద్యలు నేర్పే దోజో గురువుగారికో ఇక్కడే ఇచ్చేస్తున్నా సరే, మీరు కొన్నప్పుడు మీ పేరిట ఒకసారి, ఇచ్చాక ఆయన పేరిట ఇంకోసారి. "రెండు రోజులే కదా నా దగ్గరుండేది" అనే తెలివి ఇక్కడ పనికిరాదు.

ఇంకో పొరపాటు: తోరోకుషో ఉంది కాబట్టి సంతకం నిజమైనదే అనుకోవడం. దొంగ సంతకం ఉన్న కత్తి కూడా నమోదవుతుంది. చేసినవాడెవరో, కాలమేదో తేల్చేది వేరే కాగితం. 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం ఇచ్చే హోజోన్ పత్రం బహుమతికి చాలు. తొకుబెత్సు హోజోన్ అయితే మరీ మంచిది. 1982కి ముందునాటి పాత పత్రాలను చూసి అదనంగా ఒక్క యెన్ కూడా ఇవ్వకండి.

ధర దాచడమెందుకు? హోజోన్ పత్రమున్న సంతకం లేని వాకిజాషికి రెండు మూడు లక్షల యెన్ నుంచి, కతానాకు ఐదు లక్షల పైన సిద్ధపడాలి. నేటి కమ్మరితో కొత్తది చేయించుకుంటే సాధారణంగా పది లక్షలు దాటుతుంది. నెలకు పెద్ద కత్తులు రెండుకు మించి చేయడానికి ఆయనకు అనుమతి లేదు, కాబట్టి వచ్చే నెల పెళ్ళికి అని ఆశపడకండి. ఇక కత్తి విషయానికొస్తే, పదును అంచుకు అడ్డంగా వెంట్రుక లాంటి పగులు కనిపిస్తే చాలు, మిగతాది ఎంత బాగున్నా వదిలేయండి. దాన్ని హగిరే అంటారు, దానికి మరమ్మతు లేదు. నకాగో మీది నల్లటి తుప్పు వయసుకు సాక్ష్యం. మురికి అనుకుని తోమారో, విలువ అక్కడికక్కడే పడిపోతుంది.

ఇండియాకు పంపాలంటే రెండు గుమ్మాలు దాటాలి. జపాన్ వైపు, సాంస్కృతిక వ్యవహారాల సంస్థ బుంకాచో నుంచి ఎగుమతి ధ్రువపత్రం. రుసుము లేదు, కత్తి ఫొటోలు కావాలి, వారాలు పడుతుంది. టికెట్ బుక్ చేశాక మొదలుపెట్టే పని కాదు. తోరోకుషో ఇక్కడే అప్పగించేయాలి. ఇండియా వైపు చిక్కు ఇంకా పెద్దది. 1959 ఆయుధ చట్టం పదో సెక్షన్ ప్రకారం ఆయుధం దేశంలోకి తేవాలంటే లైసెన్సు ఉండాలి. 2016 నిబంధనల జాబితాలో కత్తి పేరుతో సహా ఉంది. సొంత వాడుకకు తెచ్చుకునేవారికి కొంత వెసులుబాటు ఉన్నా, బావగారికిచ్చే బహుమతిని సొంత వాడుక అని శంషాబాద్ కస్టమ్స్ కౌంటర్ దగ్గర వాదించి నెగ్గడం కష్టం. లైసెన్సు సంగతి అక్కడివాళ్ళే ముందు తేల్చుకోవాలి. తేలకపోతే పాత త్సుబా కొనండి. పిడికీ అలుగుకీ మధ్య ఉండే ఆ లోహపు బిళ్ళ నిజంగా చేతిపనే, దానికి తోరోకుషో అక్కర్లేదు. పదును లేని మిశ్రమ లోహపు సాధన కత్తి ఇయైతో అయితే గొడవే లేదనుకుంటారు. దాన్నీ కారణం లేకుండా వీధిలో పట్టుకు తిరగడం జపాన్‌లో నేరమే.

ఇంత చెప్పాక మీకు భయమేస్తే, సరే, ఒక మాట. పేరున్న కత్తుల దుకాణాలకు ఇదంతా రోజువారీ పని. యజమాని మార్పు ఫారం వాళ్ళే నింపించి ఇస్తారు, బుంకాచో దరఖాస్తు కూడా చాలామంది తామే చేసిపెడతారు. కావలసిందల్లా కత్తి ఎవరికి, ఏ దేశానికి అన్నది గుమ్మంలోనే చెప్పడం. పంపే పెట్టెలో లవంగ నూనె వాసన ఉండే చోజి నూనె సీసా, మెత్తటి కాగితం కూడా పెట్టమనండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళయితే రెండు మూడు నెలలకోసారి పాత నూనె తుడిచి పల్చగా కొత్తది రాయాలి, వేలు మాత్రం ఉక్కుకు తగలకూడదు. గోడకు వేలాడదీయకుండా, పాలిష్ వేయని చెక్క ఒర షిరసాయాలో అడ్డంగా, పదును పైకి ఉండేలా పెట్టుకోమని చెప్పండి.