వంశంలో నడిచే సూది భయాన్ని తగ్గించుకోవడం ఎలా?

అనంతపురంలో రక్తపరీక్షకు వెళ్ళి, సూది కనబడగానే కళ్ళు తిరిగి పడిపోయిన మనిషిని గురించి ఇంట్లోవాళ్ళు "వాళ్ళ నాయనకూ ఇంతే, జేజినాయనకూ ఇంతే" అని నవ్వుకుంటారు. పని మొదలుపెట్టవలసింది ఆ మాట దగ్గరనుంచే.

దగ్గరి బంధువుల్లో ఎవరికి ఏ భయం ఉందో, అప్పుడు గుండె దడదడలాడుతుందా లేక కళ్ళకు చీకట్లు కమ్మి పడిపోతారా అన్నది ముందుగా రాసుకోవాలి. పాము, ఎత్తు వంటి భయాల్లో రక్తపోటు పెరుగుతుంది. సూది, రక్తం, గాయాల భయంలో మాత్రం అది కొద్దిగా పెరిగి ఒక్కసారిగా పడిపోతుంది కనుకనే మనిషి సొమ్మసిల్లుతాడు.

కవలల అధ్యయనాలను బట్టి ఫోబియాలలో, అంటే అదుపులేని భయాలలో, మనిషికీ మనిషికీ ఉండే తేడాలో దాదాపు మూడో వంతు జన్యువుల వల్ల వస్తుంది. మిగతాది అనుభవం వల్ల, తల్లిదండ్రుల భయాన్ని పిల్లలు చూసి నేర్చుకోవడం వల్ల. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలాను నుదుటి వెనకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ శాంతింపజేస్తుంది. మెదడులో సందేశాలు మోసే రసాయనమైన సెరటోనిన్‌ను నాడీకణంలోకి తిరిగి చేరవేసే ప్రోటీన్ జన్యువులో పొట్టి రకం ఉన్నవారికి భయపడిన ముఖాల చిత్రాలు చూపితే అమిగ్డలా ఎక్కువగా స్పందించిందని 2002లో పరిశోధకుడు అహ్మద్ హరిరి బృందం ప్రకటించింది. అయితే ఆ ప్రభావం చాలా చిన్నదని తరువాతి పరిశీలనల్లో తేలింది. అందువల్ల జన్యుపరీక్షకు డబ్బు పోయడం దండగని నా అభిప్రాయం. ఇంటి పెద్దల జ్ఞాపకమే అంతకన్నా పనికొస్తుంది.

సొమ్మసిల్లేవారికి "ఒళ్ళు వదులుగా పెట్టుకో" అనడం తప్పుడు సలహా, ఎందుకంటే అది పడిపోతున్న రక్తపోటును ఆపదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ రూపొందించిన పద్ధతిలో కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్ళు, ఛాతీ కండరాలను 10 నుంచి 15 సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా బిగించాలి; తరువాత 20 నుంచి 30 సెకన్లు మామూలు స్థితికి రావాలి, పూర్తిగా జారగిలబడకూడదు. ఇలా అయిదుసార్లు చేయడం ఒక విడత. రోజుకు అయిదు విడతల చొప్పున వారం పాటు సాధన చేయాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

సాధన కుదిరాక సిరంజి బొమ్మ, మూత పెట్టిన సిరంజి, ఇంకొకరికి సూది వేయడం, చివరికి తన వంతు అన్న వరుసలో ముందుకు పోవాలి. భయం సగానికి తగ్గేవరకు ఒక మెట్టు వదిలి ఇంకొకటి ఎక్కకూడదు. వంశంలో ఈ భయం బలంగా ఉన్నవారు ఒక్కో మెట్టు మీద ఎక్కువ రోజులు ఆగినా సిగ్గుపడనక్కరలేదు. ల్యాబ్‌లో ముందుగానే "పడుకోబెట్టి రక్తం తీయండి" అని చెప్పి, సూది దిగే చేతిని మాత్రం వదులుగా ఉంచి మిగతా ఒళ్ళు బిగించాలి. ఒంటరిగా సాధ్యం కాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.