ఓబీ డంపు భద్రతా రిపోర్టు కావాలా? దరఖాస్తు ఇలా రాయండి

భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాల వైపు ఓపెన్‌కాస్టు గనుల పక్క ఊళ్లలో వానాకాలం వస్తే ఒకటే టెన్షన్. చేన్ల పక్కన గుట్టల్లా పోసిన ఓబీ (ఓవర్‌బర్డెన్), అంటే బొగ్గు కోసం పైనుంచి తవ్వి తీసిన మట్టి జారుతుందేమోనని భయం. ఆ గుట్టను ఎవరు పరీక్షించారో చూపించమని ఆఫీసుకు పోతే ‘అది మా సెక్షన్ కాదు’ అని పంపించేస్తారు. బయట జిరాక్స్ షాపు దగ్గర ఎవరో ఒకాయన ‘కాగితాలు నేను తెప్పిస్తా, రెండు వేలు అయితది’ అంటాడు. ఇవ్వకండి. ఇది పది రూపాయల పని.

సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేసి స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. సింగరేణి గని అయితే ఒక దరఖాస్తు సంస్థ సమాచార అధికారికి, మరొకటి గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్‌కు పెట్టడం మేలు. డీజీఎంఎస్‌కు ఆన్‌లైన్‌లో కూడా పెట్టొచ్చు. వేరే ఆఫీసుకు సంబంధించిన దరఖాస్తు వస్తే ఐదు రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేయాలి. నోటితో చెప్పే ‘మా సెక్షన్ కాదు’ కాగితం మీద చెల్లదు.

ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు. ఆగిపోయేది ప్రశ్న దగ్గర. ‘మా ఊరి పక్క డంపు సేఫేనా? అంత ఎత్తు ఎందుకు పోశారు?’ అని రాస్తారు. ‘నిబంధనల ప్రకారమే పోస్తున్నాం’ అని ఒక్క లైను జవాబు వస్తుంది, ఫైలు మూతపడుతుంది. ఈ చట్టం కింద వచ్చేది రికార్డుల్లో ఉన్న కాగితమే, సంజాయిషీ కాదు. కాబట్టి కాగితాన్ని పేరు పెట్టి అడగాలి.

ఆ కాగితం ఇది. 2017 బొగ్గు గనుల నిబంధనల్లో 106వ నిబంధన ప్రకారం, భారీ యంత్రాలతో నడిచే ఓపెన్‌కాస్టులో గని వాలు, డంపు వాలు, వాటి పర్యవేక్షణ అన్నీ శాస్త్రీయ అధ్యయనం ప్రకారమే ఉండాలి. ఆ రిపోర్టు కాపీ గని ఆఫీసులో ఉంచాలి. దీన్ని తేదీతో సహా అడగండి. దాంతో పాటు గత ఏడాది వాలు కదలికల రీడింగులు, డీజీఎంఎస్ తనిఖీలో ఎత్తిచూపిన లోపాల లేఖలు, వాటికి గని ఇచ్చిన జవాబులు కూడా.

రిపోర్టు చేతికొచ్చాక 108వ నిబంధనతో పోల్చి చూసుకోవచ్చు. డంపు వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు. ఎత్తు 30 మీటర్లు మించితే మెట్లుగా కట్టాలి, ఏ మెట్టూ 30 మీటర్లు దాటొద్దు. మొత్తం మీద ప్రతి మీటరు ఎత్తుకు కనీసం ఒకటిన్నర మీటర్ల అడ్డం ఉండాలి. ఇవి కాగితాల కోసం పెట్టిన లెక్కలు కావు. 2016 డిసెంబరులో జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో ఓబీ కూలి 23 మంది కార్మికులు పోయారు.

ఇంకో చిక్కు, ఏ డంపు అన్నది. ‘ఊరికి తూర్పున గుట్ట’ అంటే సరిపోదు. గని పేరు, ఊరు రాసి, ‘ఫలానా సర్వే నంబరు భూమికి ఆనుకుని ఉన్న డంపు’ అని రాయండి. పేరు బయటపడితే భూమి పరిహారం ఆపుతారేమోనని చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. కారణం చెప్పాల్సిన పని లేదు, చట్టం అడగనివ్వదు. సర్వే నంబరు మీది రాయాలనీ లేదు. వేరే ఊళ్లో ఉన్న మీ తమ్ముడు పెట్టినా చెల్లుతుంది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, ‘వ్యాపార రహస్యం’ అని తిప్పికొట్టినా ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. రహస్యమైన భాగం ఉంటే అది తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది, ఆ మాట అప్పీలులో రాయండి.

డంపు పైన కొత్త నెర్రెలు కనబడినా, అడుగున మట్టి ఉబ్బినా, బురద నీళ్లు ఊరినా మాత్రం ఈ దరఖాస్తు జోలికి పోవద్దు. ముప్పై రోజులు ఆగే విషయం కాదది. అదే రోజు గని మేనేజరుకు, తహసీల్దారుకు, డీజీఎంఎస్‌కు రాతపూర్వకంగా, ఫొటోలతో చెప్పండి. దీనికి ఫీజు లేదు. అప్పటిదాకా ఆ అడుగుకు పశువులను తోలకండి, బొగ్గు ఏరడానికి ఎవరినీ పోనివ్వకండి.