చేతికొచ్చిన జింక మాంసం: వండే ముందు అడగాల్సినవి, వండేటప్పుడు చూడాల్సినవి

అమెరికాలో నవంబర్ వచ్చిందంటే వేటకెళ్ళే సహోద్యోగి ఎవరో ఒకరు జింక మాంసం పొట్లం చేతిలో పెట్టడం మామూలే. హార్మోన్లు లేవు, యాంటీబయాటిక్స్ లేవు, ఇంతకంటే సహజమైన తిండి దొరకదంటారు. చాలావరకు నిజమే. 100 గ్రాముల పచ్చి మాంసంలో ప్రొటీన్ దాదాపు 23 గ్రాములు, కొవ్వు రెండున్నర గ్రాముల లోపే. అయితే ఐయోవా, ఇల్లినాయ్ జింకలు అడవి ఆకులతో పాటు మందు కొట్టిన మొక్కజొన్న, సోయా చేలు కూడా మేస్తాయి. అయినా జంతువు ఎలా బతికిందో చూస్తే చాలదు. ఎలా చచ్చింది, ఎంతసేపట్లో చల్లబడింది, జబ్బు పరీక్ష జరిగిందా అన్నవి తేలాకే పొయ్యి వెలిగించండి.

ముందు బుల్లెట్ సంగతి. సీసం (లెడ్) ఒంటికి విషం. సీసం బుల్లెట్ ఎముకకు తగిలితే పొడిపొడిగా చిట్లుతుంది. ఆ నలుసులు కంటికి కనబడవు, పంటికి తగలవు, గాయానికి అడుగు దూరంలోని కండలోకి కూడా పోతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు పంచడానికి ఇచ్చిన జింక ఖీమాలో సీసం బయటపడి పంపిణీ ఆపేశారు. ఖీమాలోనే ఎక్కువ ఎందుకంటే గాయం చుట్టూ ఉన్న ముక్కలన్నీ చివరికి అందులోకే వెళ్తాయి. అందుకని ‘ఏ బుల్లెట్ వాడారు?’ అని మొహమాటపడకుండా అడగండి. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ అన్నా, బాణంతో కొట్టామన్నా ఈ బెంగ లేదు. సీసమైతే ఖీమా వద్దని చెప్పి, గాయానికి దూరంగా ఉన్న వెనక తొడ ముక్క అడగండి. గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అది కూడా పెట్టకండి. గాయం దగ్గరి మాంసాన్ని కడిగితే సీసం పోదు, పక్క ముక్కలకు పాకుతుంది.

మన వంటకు ఇక్కడో చిక్కుంది. పులుపు సీసాన్ని కరిగించి ఒంటికి పట్టేలా చేస్తుంది. పెరుగు, నిమ్మరసం, చింతపండు, గోంగూర అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. గోంగూర జింక వండుకోవాలని ఉంటే రాగి బుల్లెట్‌తోనో బాణంతోనో కొట్టిన మాంసంతోనే వండండి.

రెండోది క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, జింకల మెదడును తినేసే జబ్బు. 1967లో కొలరాడోలో మొదట కనబడిన ఈ జబ్బు ఇప్పుడు చాలా రాష్ట్రాల జింకల్లో ఉంది. దీనికి కారణమైన ప్రియాన్ (వికటించిన ఒక ప్రొటీన్) ఉడికించినా, ఫ్రీజ్ చేసినా నశించదు. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు గానీ, జబ్బు తేలిన జింకను తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. జింకను కొట్టిన చోట ఈ జబ్బు ఉంటే, రాష్ట్ర వన్యప్రాణి శాఖ పరీక్ష ఫలితం వచ్చేదాకా పొట్లాన్ని ఫ్రీజర్లో విడిగా ఉంచండి. మాంసం కొట్టించిన చోట వేరే జింకలతో కలిపి ఖీమా పట్టారేమో కూడా అడగాలి. కలిపితే పరీక్ష చేసి లాభం లేదు. పరీక్షలో జబ్బు లేదని తేలినా సరే తలకాయ కూర, మెదడు, తిల్లి, వెన్నుపాము ఆశపడకండి.

చల్లబరచడం గురించి ఒక్క మాట. కొట్టిన వెంటనే పేగులు తీసి, వీలైనంత త్వరగా 4 డిగ్రీల సెల్సియస్ లోపుకు తెచ్చి ఉండాలి. పేగు చినిగి మాంసానికి అంటుకుంటే ఇ.కోలై అనే బ్యాక్టీరియా భయం. పులిసిన వాసన, జిగట ఉంటే పారేయండి, మసాలా దాన్ని బాగుచేయదు.

ఇక వంట. జింక కొవ్వు మైనంలా అంగిట్లో అతుక్కుంటుంది, నీచు వాసనా దానిదే. తెల్ల కొవ్వంతా చెక్కేసి, కండ మీది వెండిరంగు పొర కిందకు కత్తి మొన దూర్చి, కత్తిని కొంచెం పైకి వాల్చి లాగితే పొర పట్టీలా ఊడొస్తుంది. దాన్ని వదిలేస్తే ముక్క ముడుచుకుని గట్టిపడుతుంది.

మేక మాంసంలా అన్ని ముక్కలనూ ఒకే తీరున వండితే చెడుతుంది. జబ్బ, పిక్క ముక్కల్ని కిలోకు ఐదారు చెంచాల నూనెలో ఉల్లి, అల్లం వెల్లుల్లితో వేయించి, కుక్కర్లో ప్రెషర్ పట్టాక అరగంట పైనే ఉంచాలి. జింక కండలో కొవ్వు లేదు గనుక నూనె తగ్గిస్తే కూర పొడిబారుతుంది. వెన్ను పక్క కండను పోగుకు అడ్డంగా పలుచగా కోసి, వేడి పెనం మీద కొద్దికొద్దిగా, త్వరగా వేయించి దించాలి. ఒకేసారి పెనం నింపేస్తే నీరు ఊరి రబ్బరులా తయారవుతుంది. ఏ ముక్కైనా, ఖీమా అయినా లోపల 71 డిగ్రీల సెల్సియస్ తాకాలి. రంగు చూసి చెప్పలేం, జింక ఉడికాకా ఎర్రగానే ఉండొచ్చు, థర్మామీటర్ గుచ్చి చూడండి. కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు కనుక గర్భిణులున్న ఇంట్లో ఇది తప్పనిసరి.

టెక్సాస్ వైపు అడవి పంది ఇస్తామంటారు. పచ్చి మాంసాన్ని గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, బ్రూసెల్లోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు అంటొచ్చు. ట్రైకినెల్లా పురుగుల్లో కొన్ని రకాలు ఫ్రీజర్‌ను తట్టుకుంటాయి, కాబట్టి దానికీ 71 డిగ్రీలే.

ఇదంతా అక్కడి మాట. ఊళ్ళో ఎవరైనా జింకనో అడవి పందినో కొట్టామని పాలు పంచితే తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే కాదు, ఆ మాంసం దగ్గరుంచుకోవడమూ నేరమే.